వెనక సీటు పక్కనున్న ఆ జాలీ: పాత ప్రియస్‌తో ఏడేళ్లు

పాత హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్, పెద్ద బ్యాటరీ రెండూ ఉండే కారు) కొంటున్నామని ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది మైలేజీ, తర్వాత బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందని. మైలేజీ సంగతి అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. బ్యాటరీ గురించి మాత్రం నా దగ్గర ఒక్కటే మాట ఉంది. ఏ కారు చూడ్డానికి వెళ్లినా ముందు బానెట్ ఎత్తొద్దు. వెనక తలుపు తీసి, కుడివైపు సీటు పక్కన ఉండే ప్లాస్టిక్ జాలీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ లైటు వేసి లోపలికి చూడండి. నేను చూడలేదు. ఆ ఒక్క పని చేసి ఉంటే మా అమ్మానాన్నలు హైవే పక్కన ఆ ఎండలో నిలబడాల్సి వచ్చేది కాదు.

నాది 2012 మోడల్ టయోటా ప్రియస్, మూడో తరం. 2018 మార్చిలో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో 92 వేల మైళ్ల మీద 8,700 డాలర్లకు కొన్నాను. హైబ్రిడ్ బ్యాటరీకి వారంటీ ఎనిమిదేళ్లు లేదా లక్ష మైళ్లు, ఏది ముందైతే అది. నా చేతికి వచ్చేసరికి మిగిలింది ఎనిమిది వేల మైళ్లే, ఆ ఏడాది తిరక్కుండానే అయిపోయాయి. ఇప్పుడు లక్షా 81 వేలు దాటింది.

ఈ కారు మీద నాకు ప్రేమ పుట్టింది మైలేజీ వల్ల కాదు, ఏసీ వల్ల. ఇందులో ఏసీ కంప్రెసర్ బెల్టు మీద కాకుండా పెద్ద బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది. అంటే ఇంజిన్ ఆగి ఉన్నా చల్లగాలి ఆగదు. టెక్సాస్‌లో ఆగస్టు ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పాపని స్కూల్ నుంచి తెచ్చుకోవడానికి పికప్ లైన్లో అరగంట కూర్చోవాలి. మా పాత కారులో అయితే ఇంజిన్ నడుస్తూనే ఉండాలి, పెట్రోలు కాలుతూనే ఉండాలి. ఇందులో పార్కింగ్‌లో పెట్టి కూర్చుంటే నిశ్శబ్దం, చల్లదనం. బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజిన్ తనంతట తనే లేచి, ఒకటి రెండు నిమిషాలు నింపి, మళ్లీ పడుకుంటుంది. పాప ఎర్రబడిన మొహంతో వచ్చి కూర్చుని, బ్యాగు కింద పడేసి, మొహం వెంట్‌కి ఆనించి కళ్లు మూసుకునేది. ఆ సుఖం కోసమే ఎంతోమందికి ఈ కారు కొనమని చెప్పాను.

నాకు అప్పట్లో తెలియంది ఒకటుంది. ఆ చల్లగాలి మన ఒక్కరికే కాదు. వెనక సీటు వెనకాల కూర్చున్న 201.6 వోల్టుల నికెల్ బ్యాటరీకి వేరే ఏసీ లేదు. సీటు పక్కనున్న జాలీలోంచి ఒక ఫ్యాన్ లోపలి గాలినే పీల్చి దాని మీదకి తోస్తుంది. మనం చల్లగా ఉంటేనే అదీ చల్లగా ఉంటుంది. జాలీ మూసుకుపోతే మనం చల్లగానే ఉంటాం, అది మాత్రం ఉడికిపోతుంది.

2023 ఆగస్టులో అమ్మానాన్నా తెనాలి నుంచి వచ్చారు. హ్యూస్టన్ పక్కన పియర్లాండ్‌లోని మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్దామని శనివారం బయల్దేరాం. నాన్న ముందు, అమ్మ వెనక. అమ్మకి ఏసీ పడదు. దుప్పటి కప్పుకుని, దిండు కుడి తలుపుకి ఆనించుకుని, పులిహోర డబ్బాల సంచీ ఆ మూలనే పెట్టుకుని పడుకుంది. కోర్సికానా దాటాక లేచి, "ఒరేయ్ నాన్నా, వెనకాల ఏదో మోతొస్తోందిరా, మన ఇంట్లో పాత కూలర్ తిరిగినట్టుంది" అంది. టైరు చప్పుడులే అమ్మా అన్నాను. ఈ కారులో రోడ్డు చప్పుడు ఎలాగూ ఎక్కువే. అది టైరు కాదు, గాలి అందక పూర్తి వేగంతో గింజుకుంటున్న ఫ్యాన్. అమ్మ చెవి పక్కనే ఉంది కాబట్టి అమ్మకి వినిపించింది.

ఇంకో గంటకి బ్యాటరీ గీతలు పిచ్చిగా ఆడటం మొదలుపెట్టాయి. నిండుగా ఉన్నవి రెండు నిమిషాల్లో అడుక్కి దిగిపోవడం, మళ్లీ అంతే వేగంగా నిండటం. మాడిసన్‌విల్ దగ్గరికి వచ్చేసరికి ఎర్ర త్రికోణం వెలిగింది, హైబ్రిడ్ సిస్టమ్ చెక్ చేయమని అక్షరాలు పడ్డాయి, యాక్సిలరేటర్ తొక్కినా బండి అందుకోవట్లేదు. పక్కకి ఆపాను. డ్యాష్ మీద బయటి ఉష్ణోగ్రత 107 డిగ్రీల ఫారెన్‌హీట్. నాన్నకి బీపీ ఉంది. ఆయన ఏమీ అనకుండా రుమాలు తడిపి నెత్తిన వేసుకుని గడ్డిలో నిలబడ్డాడు. ఆ దృశ్యం నేను మర్చిపోలేను.

కాసేపాగి, దగ్గర్లోని పెద్ద గ్యాస్ స్టేషన్‌కి ఎలాగో లాక్కెళ్లి, సాయంత్రం దాకా నీడలో ఉంచి, కుడి లేన్లో నెమ్మదిగా హ్యూస్టన్ చేరాం. మర్నాడు ఒక షాపుకి తీసుకెళ్తే, కంప్యూటర్ తగిలించి ఇరవై నిమిషాల్లో తేల్చేశారు: బ్యాటరీ పోయింది, 3,800 డాలర్లు. కోడ్ ఏమిటని అడిగితే పీ0ఏ82 అన్నారు. అది బ్యాటరీ మార్చమనే కోడ్ కాదని, దాని చల్లదనపు ఫ్యాన్ సరిగ్గా పనిచేయట్లేదని చెప్పే కోడ్ అని నాకు అప్పుడు తెలియదు. సీటు విప్పి చూడమంటే, వేడికి బ్యాటరీ ఎలాగూ పోయుంటుంది, చూడ్డం దండగ అన్నారు. నా కోపమంతా ఆ మాట మీదే. చూడకుండా ఎలా చెప్తారు?

మేం దిగిన చుట్టాలింట్లో ఎమ్మెస్ చదివే కుర్రాడు ఒకడున్నాడు, వాడిదీ ప్రియసే. ఇరవై డాలర్ల బ్లూటూత్ డాంగిల్ స్టీరింగ్ కింద గుచ్చి, ఫోన్లో డాక్టర్ ప్రియస్ యాప్ తెరిచాడు. ఈ బ్యాటరీలో 28 మాడ్యూళ్లుంటాయి, కంప్యూటర్ వాటిని జతలుగా చూస్తుంది, కాబట్టి తెర మీద 14 గడులు. అన్నీ పదహారు వోల్టుల చుట్టూనే, తేడా పావు వోల్టు కూడా లేదు. "అన్నా, బ్యాటరీ బతికే ఉంది. ఊపిరాడట్లేదంతే" అన్నాడు. అంత ప్రాణం లేచొచ్చిన మాట నేను ఈ మధ్య కాలంలో వినలేదు.

ఆ సాయంత్రం చిన్న బ్యాటరీ వైర్ తీసేసి, పెద్ద బ్యాటరీ కరెంటుని తెంపే సర్వీస్ ప్లగ్ లాగి, ఆరెంజ్ రంగు కేబుళ్ల దగ్గరికి చెయ్యి పోనివ్వకుండా, కుడివైపు ప్యానెళ్లన్నీ విప్పాం. పది మిల్లీమీటర్ల సాకెట్, ప్లాస్టిక్ క్లిప్పులకి ఓపిక, అంతే కావాల్సింది. ఫ్యాన్ బయటికి వచ్చాక చూస్తే రెక్కల మధ్య సందు కనపడలేదు. తెల్లటి కుక్క వెంట్రుకలు, వాటి మీద దుప్పటి నూగు, ఆ పైన దుమ్ము, మూడూ కలిసి కంబళి ముక్కలా అతుక్కుపోయాయి. మా ఇంట్లో కుక్క లేదు. అవి పాత యజమాని నాటివి. అంటే అయిదేళ్లుగా నేను ఆ బ్యాటరీకి సగం ఊపిరితోనే పని చేయిస్తున్నాను. అమ్మ దిండు, సంచీ ఆ మిగిలిన సగాన్ని మూసేశాయి.

ఒక్కో రెక్క సందులో పళ్ల బ్రష్ పెట్టి గీకాం. అమ్మ పక్కన స్టూలేసుకుని కూర్చుని, ఊడిన ముద్దల్ని పేపర్లో పెడుతూ, "నేను అక్కడ సంచీ పెట్టకుండా ఉండాల్సింది" అని పదిసార్లు అంది. నీ తప్పేం లేదని నేనూ పదిసార్లు అన్నాను. బిగించి, కోడ్ తుడిచి, మర్నాడు పొద్దున్నే గుడికెళ్లి, రాత్రి చల్లబడ్డాక ఇంటికి బయల్దేరాం. దారి పొడవునా బ్యాటరీ వేడి నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ దాటలేదు. శుభ్రం చేయకముందు యాప్‌లో చూసింది 126. మొత్తం ఖర్చు డాంగిల్ ఇరవై డాలర్లు, షాపు వాళ్లకి కట్టిన పరీక్ష ఫీజు.

ఇక్కడితో ఆపేస్తే మీకు నిజం సగమే చెప్పినట్టు. "బ్యాటరీకి ఏమీ కాదు, నిశ్చింతగా కొనండి" అని 2020 ప్రాంతంలో నేను చాలామందికి చెప్పాను. ఆ మాట ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పను. పోయిన చలికాలం నుంచి ఎనిమిదో గడి నన్ను కలవరపెడుతోంది. గట్టిగా తొక్కినప్పుడు చివరి గడుల కంటే అర వోల్టు పైనే ఎక్కువ పడిపోతోంది. ఈ ప్యాక్‌లో నడిమి మాడ్యూళ్లకే వేడి ఎక్కువ, అలసిపోయేవీ ముందు అవే. అప్పటి వేడి ఊరికే పోలేదనే నా అనుమానం. వాడేసిన మాడ్యూళ్లు ఏరి కూర్చిన ప్యాక్‌లు తక్కువకే దొరుకుతాయి, అవి మాత్రం వేయించను. వేయిస్తే కొత్తదే, లేదంటే కారే మార్చడం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మూడు వారాలు ఇండియా వెళ్లొచ్చేసరికి 12 వోల్టుల చిన్న బ్యాటరీ చచ్చిపోయి కారు రాయిలా పడుంది. అది లేకపోతే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా బండి లేవదు. పైగా ఆ చిన్నది డిక్కీలో ఉంటుంది, డిక్కీ తలుపేమో కరెంటు మీద తెరుచుకుంటుంది. కీ లోపల దాచిన ఇనుప తాళంతో డ్రైవర్ తలుపు తీసి, బానెట్ కింద ఫ్యూజు పెట్టెలో జంప్ ఇచ్చే చోటు ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ఈ తరం ఇంజిన్‌లో ఈజీఆర్ కూలర్‌లో, అంటే ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగని చల్లార్చే భాగంలో, మసి పేరుకుంటుంది. లక్షా 30 వేల దగ్గర విప్పించి కడిగించాను, మీరూ ఆలస్యం చేయొద్దు. అపార్ట్‌మెంట్ బయట పార్కింగ్ అయితే కెటలిటిక్ కన్వర్టర్‌కి (బండి కింద పొగని శుభ్రం చేసే భాగం, లోపలి ఖరీదైన లోహాల కోసం దొంగిలిస్తారు) రేకు కవచం తప్పనిసరి. మా పాత కాంప్లెక్స్‌లో రెండు బళ్ల కింద రాత్రికి రాత్రే కోసుకుపోయారు.

మళ్లీ కొంటానా అంటే, ఇప్పుడు నాకు గ్యారేజీ ఉంది, ఆఫీసు పద్దెనిమిది మైళ్లు, దారంతా సిగ్నళ్లు. ఇలాంటి ప్రయాణానికి దీన్ని మించింది నాకైతే కనపడలేదు. పనిముట్లు పట్టుకోవడానికి నాకు భయం లేదు, శనివారాలు ఖాళీ ఉంటుంది. ఇవేవీ లేకుండా, రోజూ హైవే మీదే తిరిగేవాళ్లకి, వారంటీ అయిపోయిన బండి పట్టుకుని షాపు చెప్పిందే నమ్మాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్లకి, కొనమని నా నోటితో చెప్పలేను. ఎండ తక్కువ ఊళ్లలో సంగతి వేరుగా ఉండొచ్చు.

అమ్మానాన్నా వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ వస్తున్నారు. జాలీకి ఒక పల్చటి వల ఫిల్టరు బిగించాను, నెలకోసారి తీసి దులుపుతున్నాను. ఈసారి అమ్మ దిండు ఎడమవైపు.