ఏఆర్-3ఏ తీసుకోవాలా, జేబీఎల్ ఎల్100 తీసుకోవాలా?

పాత స్పీకర్లు మార్చుకునేటప్పుడు ఈ రెండు జతల మధ్య ఊగిసలాడేవాళ్లు చాలామంది. రెండింటిలోనూ వూఫర్ (బేస్ పలికించే పెద్ద కోన్) 12 అంగుళాలదే, రెండూ త్రీ-వే, అంటే బేస్, మధ్య, పై స్వరాలకి వేర్వేరు యూనిట్లు ఉన్నవి. పోలిక అక్కడితో సరి.

1967 నాటి ఏఆర్-3ఏ పూర్తిగా మూసిన పెట్టె. లోపలి గాలే వూఫర్‌కి స్ప్రింగులా పనిచేస్తుంది కాబట్టి బేస్ చాలా లోతుగా, బిగువుగా వినిపిస్తుంది. కానీ ఇది 4 ఓమ్‌ల స్పీకర్, ఆంప్లిఫయర్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. సెన్సిటివిటీ కూడా తక్కువ, అంటే అదే పవర్‌కి తక్కువ శబ్దం ఇస్తుంది. చిన్న ఆంప్లిఫయర్ పెట్టి వాల్యూమ్ పెంచితే అది వేడెక్కిపోతుంది. వూఫర్ అంచున ఫోమ్ ఉంటే తప్పక చూడండి. ఇన్నేళ్లకి పొడిపొడిగా రాలిపోతుంది. కొత్త ఫోమ్ అతికిస్తే చాలు, వూఫర్ మార్చనక్కర్లేదు. వెనకున్న లెవెల్ కంట్రోళ్లు (మధ్య, పై స్వరాల జోరు సర్దే నాబ్‌లు) కిలుము పట్టి ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న యూనిట్) మూగబోవడం కూడా మామూలే. ట్వీటర్ పోయిందని తొందరపడి తీసెయ్యకండి, ముందు ఆ కంట్రోళ్లు శుభ్రం చేయించండి.

1970లో వచ్చిన ఎల్100కి ముందువైపు పోర్టు (పెట్టెలోని గాలి వచ్చిపోయే రంధ్రం) ఉంది. 8 ఓమ్‌లు, తక్కువ పవర్‌కే గట్టిగా పలుకుతుంది. వూఫర్ అంచు ఫోమ్ కాదు, ఆ టెన్షన్ లేదు. డ్రమ్స్, గిటార్ ఎదురుగా వచ్చి నిలబడతాయి. గంటలకొద్దీ వింటే మాత్రం ఆ దూకుడు చెవికి కాస్త ఎక్కువే.

దమ్మున్న ఆంప్లిఫయర్ ఉంటే నా ఓటు ఏఆర్-3ఏకే. గాత్రం, వయోలిన్ అందులో ఎంత సహజంగా ఉంటాయో! ఆంప్లిఫయర్ చిన్నదై, దాన్ని మార్చే ఉద్దేశం లేకపోతే ఎల్100 తీసుకోండి.