1946 నాటి విల్టన్ వైస్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

చికాగో శివార్లలో, మా ఇంటికి దగ్గర్లోనే ఒకరు ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాన్లు అమ్ముతుంటే ఈ బెంచ్ వైస్ కొన్నాను. బల్లకి బిగించి, పని చేసే వస్తువుని రెండు దవడల మధ్య కదలకుండా పట్టి ఉంచే పరికరం ఇది. నాలుగంగుళాల దవడలు. ఎవరో దట్టంగా ఎర్ర రంగు పూసేశారు. పక్కన పోతలో వచ్చిన విల్టన్, చికాగో అన్న అక్షరాలు మాత్రం వేలికి తగిలాయి.

ఆ రాత్రే వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేశారాయన. "స్క్రూ ఏదిరా?" అన్నారు చూడగానే. మామూలు వైస్‌లో స్క్రూ కింద బయటికే కనబడుతుంది. ఆకురాయి పెట్టినప్పుడు రాలిన పొడంతా గ్రీజుకి అంటుకుని గరగరలాడుతుంది. దీంట్లో స్క్రూ, నట్టు రెండూ గుండ్రటి గొట్టం లోపలే ఉంటాయి. వెనక భాగం తుపాకీ గుండు మొనలా ఉంటుంది కాబట్టి దీన్ని బుల్లెట్ వైస్ అంటారు. చెకోస్లొవాకియా నుంచి వలస వచ్చిన హ్యూ వోగ్ల్ 1941లో చికాగోలో పెట్టిన కంపెనీ ఇది. 1957లో చికాగో పక్కనున్న షిల్లర్ పార్క్ అనే ఊరికి మారింది. చికాగో పేరుంది కాబట్టి అంతకు ముందుదే అనుకున్నాను.

"అడుగున చూడు, ఏదో ఒకటి కొట్టే ఉంటారు" అన్నారు నాన్న. ముందు దవడని పూర్తిగా బయటికి లాగి, బోర్లా తిప్పి, దానితో పాటు జారే స్లైడ్ భాగం అడుగున గట్టిపడ్డ గ్రీజు గీకాను. 4-51 అని పంచ్ కొట్టి ఉంది. 1951 ఏప్రిల్ అని సంబరపడిపోయాను. కిరోసిన్ గుడ్డతో ఇంకాస్త తుడిస్తే ఆ అంకెల ముందు చిన్న అక్షరాలు తేలాయి. అది తయారీ తేదీ కాదు, గ్యారంటీ ముగిసే తేదీ! తొలి రోజుల్లో ఐదేళ్ల గ్యారంటీ ఇచ్చి, అది ఎప్పుడు తీరుతుందో కొట్టేవారు. అంటే ఇది 1946 ఏప్రిల్‌లో పుట్టింది.

ఇక పని సంగతి. ఈ తొమ్మిదేళ్లలో రెండుసార్లు విప్పి గ్రీజు మార్చాను, అంతే. హ్యాండిల్ ఒక్క వేలితో తిరుగుతుంది, పట్టు మాత్రం ఉడుము పట్టే. దవడల గరుకు పళ్లు ఇత్తడి మీద, అల్యూమినియం మీద గాట్లు పెడతాయి కాబట్టి రాగి రేకు ముక్కలు మధ్యలో పెట్టుకుంటాను. బరువు చాలా ఎక్కువ, బల్ల గట్టిది కాకపోతే మొత్తం ఊగిపోతుంది.

ఇలాంటిది కొనేటప్పుడు రంగు చూడకండి. ముందు దవడ బయటికి లాగి చూపించమనండి. స్లైడ్‌లో పగుళ్లున్నాయా, నట్టు ఎంత అరిగింది అన్నవి చూశాకే బేరం ఆడండి.