లాసిక్‌ చేయించుకోవాలా, స్మైల్‌ చేయించుకోవాలా: కన్ను కదిలితే ఎలా?

లాసిక్, స్మైల్ రెండూ లేజర్‌తో చూపు సరిచేసే ఆపరేషన్లే. విజయవాడలో కళ్లద్దాలు వదిలించుకుందామనుకునే ఎవరినడిగినా టెన్షన్ ఒక్కటే: లేజర్ పడేటప్పుడు కన్ను కదిలితే?

లాసిక్‌లో ముందు కంటిని సక్షన్‌తో (గాలి లాగి) పట్టి, కార్నియా (నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొర) పైభాగాన్ని కోసి, ఫ్లాప్‌లా పక్కకు తీస్తారు. తర్వాత లేజర్ పడేటప్పుడు కాపలా అంతా ఐ ట్రాకర్‌ది. కంటికి తగలకుండానే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కంటిపాపను సెకనుకు వందలసార్లు చూస్తుంది. కన్ను కొంచెం జరిగితే లేజర్‌నూ జరుపుతుంది, మరీ పక్కకు పోతే ఆపేస్తుంది. మిణుకుమనే లైటు వైపు చూస్తూ ఉండటమే మన పని.

స్మైల్‌లో ఇలా వెంబడించే ట్రాకర్ ఉండదు, కంటిని సక్షనే పట్టి ఉంచుతుంది. లేజర్ పని అర నిమిషం అటూ ఇటూ, కొత్త యంత్రాల్లో ఇంకా తక్కువ. గట్టిగా కదిలితే మాత్రం పట్టు ఊడుతుంది. మళ్లీ మొదలెట్టడమా, వేరే పద్ధతికి మారడమా అన్నది అప్పటికి ఎంతవరకు వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

కోత: లాసిక్‌కు సుమారు 20 మి.మీ., స్మైల్‌కు 2 నుంచి 4.
ఖర్చు: స్మైల్‌కే ఎక్కువ.

గుంటూరు మిర్చి యార్డు ఘాటులో కళ్లు నలుపుకునేవాళ్లకు, కబడ్డీ ఆడేవాళ్లకు స్మైల్ నయం, జరిగిపోవడానికి ఫ్లాప్ ఉండదు కాబట్టి. ప్లస్ పవర్ ఉన్నా, చూపు ఒకచోట నిలపలేకపోయినా లాసిక్ వైపే మొగ్గు. కార్నియా మరీ పల్చగా ఉంటే డాక్టర్లు రెండూ వద్దనొచ్చు.