క్లబ్ న్యూస్‌లెటర్‌కు స్క్రైబస్: ఆ ఒక్క తనిఖీ కోసమే వదల్లేకపోతున్నాను

బ్రిటన్‌లోని ఒక చిన్న ఐరిష్ క్లబ్‌కు మూడు నెలలకోసారి ఎనిమిది పేజీల న్యూస్‌లెటర్ వేయడానికి స్క్రైబస్ అనే పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. 1.4 వెర్షన్‌తో మొదలుపెట్టి ఇప్పుడు 1.6కి వచ్చాను. ఉచితమని, శుభ్రమైన పీడీఎఫ్ ఇస్తుందని అందరికీ తెలుసు. నాకు ప్రాణం ‘ప్రీఫ్లైట్ వెరిఫైయర్’.

పీడీఎఫ్ తీసే ముందు అది అన్ని పేజీలూ గాలించి, ఫ్రేమ్‌లో (మ్యాటర్ పోసే పెట్టెలో) పట్టని మ్యాటర్‌ను, ఫాంట్‌లో లేని అక్షరాన్ని, రిజల్యూషన్ చాలని ఫొటోను పేజీ నంబరుతో సహా చూపిస్తుంది. వాలంటీర్ల పత్రికల్ని ఎక్కువగా దెబ్బతీసేది మొదటిదే. మరణవార్తల కాలమ్‌లో చివరి నిమిషంలో ఒక పేరు చేరుతుంది, దాంతో కింది రెండు లైన్లు ఫ్రేమ్ దాటిపోతాయి. స్క్రీన్ మీద ఫ్రేమ్ మూలన ఒక చిన్న గుర్తు తప్ప ఏమీ కనబడదు. ఆ రెండు లైన్లలోనే ప్రార్థన ఏ చర్చిలోనో, ఎన్ని గంటలకో ఉంటుంది. అలాంటిది అచ్చుకు వెళ్లకుండా ఆపే సాధనానికి ఎంత రుణపడినా తక్కువే.

అక్షరాల తనిఖీ కూడా ఐరిష్ మ్యాటర్‌కు బాగా పనికొస్తుంది. ఐరిష్ భాషను పాత గేలిక్ లిపిలో ముద్రించేటప్పుడు కొన్ని హల్లుల మీద చుక్క పెట్టేవారు. ఇప్పుడు ఆ చుక్కకు బదులు హల్లు పక్కన ‘హెచ్’ రాస్తారు. సామెతల పెట్టెను పాత తీరులోనే కావాలనే పెద్దలు ప్రతి క్లబ్‌లోనూ ఉంటారు. మామూలు ఫాంట్లలో చాలావాటికి ఆ చుక్క అక్షరాలు లేవు. స్క్రైబస్ చాటుగా వేరే ఫాంట్ అతికించదు, లేదని చెబుతుంది. ఆ పెట్టె కోసం గేలిక్ ఫాంట్‌తో ఒక క్యారెక్టర్ స్టైల్ (అక్షరాల రూపాన్ని ఒకేసారి మార్చే సెట్టింగ్) కట్టుకుంటే గొడవ తీరుతుంది.

అయితే ఈ తనిఖీకి కంటపడనిది ఒకటుంది, ఫాడా. ఐరిష్ అచ్చుల (a, e, i, o, u) మీద పెట్టే వాలుగీత అది, మన దీర్ఘం చేసే పనే చేస్తుంది. దీన్ని కంప్యూటర్‌లో రెండు విధాలుగా రాయొచ్చు: గీతతో కలిసిన ఒకే అక్షరంగా, లేదా అక్షరం, దాని వెనక విడిగా గీతగా. పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేసి పంపే మ్యాటర్‌లో రెండోది తరచుగా వస్తుంది. 1.4లో ఆ గీత అచ్చు మీద కూర్చోక పక్కకు జరిగేది. ఫాంట్‌లో రెండూ ఉన్నాయి కాబట్టి వెరిఫైయర్ ‘అంతా బాగుంది’ అనేది. అలా మనుషుల పేర్లలో గీతలు చెదిరి ప్రూఫ్ దాకా వచ్చేవి. 1.6 వాటిని సరిగ్గా కలిపి చూపిస్తోంది, కానీ ఫైల్ లోపల అవి విడిగానే ఉంటాయి. అందుకే పేరు వెతికితే కొన్నిసార్లు దొరకదు. మ్యాటర్‌ను ముందే ప్లెయిన్ టెక్స్ట్ చేసి, అయిదు అచ్చులకూ చిన్నవి, పెద్దవి కలిపి, విడి గీతల్ని కలిసిన అక్షరాలుగా మార్చే పది ‘రీప్లేస్’లు నడపడమే దీనికి మందు. ఫాడా అసలే పెట్టకుండా పంపితే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు, పేర్లన్నీ సభ్యుల జాబితాతో సరిచూడాల్సిందే.

ప్లెయిన్ టెక్స్ట్‌తో ఇంకో లాభం కూడా ఉంది. ఓడీటీ (లిబ్రేఆఫీస్ రైటర్) ఫైళ్లను నేరుగా దించితే రాసినవాళ్ల స్టైళ్లన్నీ వెంట వచ్చి మన జాబితాను నింపేస్తాయి. ‘ఇంపోర్ట్ టెక్స్ట్ ఓన్లీ’ టిక్ పెడితే ఆ చెత్త రాదు, కాకపోతే ఇటాలిక్స్ మళ్లీ చేత్తో పెట్టుకోవాలి. ఐరిష్ పేరాలకు హైఫనేషన్ వేయకండి. ఇంగ్లిష్ నియమాలతో విరిస్తే ఒకే ధ్వనికి రాసే రెండు అక్షరాలు చెరో లైన్‌లో పడతాయి.

(విదేశాల్లోని తెలుగు సంఘాల సంచికలు చేసేవాళ్లకు ఒక మాట: యూనికోడ్ తెలుగు కావాలంటే 1.4 వద్దు. ఒత్తులు, గుణింతాలు కుదురుగా కూర్చునేది 1.6లోనే.)

మడిస్తే వరసలో వచ్చేలా బుక్‌లెట్ పేజీలను స్క్రైబస్ తనంతట తాను అమర్చదు. పేజీలను వరసలో పీడీఎఫ్ తీసి, అడోబీ రీడర్‌లో బుక్‌లెట్‌గా ప్రింట్ చేయాలి. ఏ4ను మడిచి ఏ5 చేస్తే ఎనిమిది పేజీలకు రెండు షీట్లు. మొదటిదాని మీద 8-1, వెనక 2-7. రెండోదాని మీద 6-3, వెనక 4-5. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) కాగితమైతే రెండూ కలిపి 10 గ్రాములే, మామూలు లెటర్ రేటుకే పోస్టవుతుంది. మడవకుండా ఏ4లో పంపితే ‘లార్జ్ లెటర్’ అనే ఎక్కువ ధర పడుతుంది.

ఆగస్టు సంచికకు ఈ షీట్ల లెక్క బాగా కలిసొస్తుంది. ఐర్లండ్ సంప్రదాయ ఆటలైన హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్‌లకు ఏటా జరిగే ఆల్-ఐర్లండ్ ఫైనళ్లు 2022 నుంచి జూలైలోనే జరుగుతున్నాయి. ఆ రెండు ఆటల ఫలితాలకు 5వ పేజీలో ఫ్రేమ్ ఖాళీగా ఉంచి, మొదటి షీట్ ముందే ప్రింట్ చేసి పెట్టుకోవచ్చు. మ్యాటర్ రాకపోవడమనే అసలు కష్టాన్ని ఇది తీర్చదు. ఎప్పుడైనా వేయదగ్గ అరపేజీ వ్యాసం ఒకటి దగ్గర పెట్టుకోవడమే దారి.

మా సభ్యుల్లో చాలామంది కాగితం మీదే చదువుతారు, చేసేది ఒక్కరే, అందుకే నాకు స్క్రైబస్ కుదిరింది. ఈమెయిల్‌లోనే పంపే క్లబ్‌కు లిబ్రేఆఫీస్ రైటర్ సరిపోవచ్చు. పని ఇంకొకరికి అప్పగించాలంటే ‘కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్’తో ఫొటోలు, ఫాంట్లు అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి తీసి ఇవ్వండి. వాళ్ల దగ్గర ఏ వెర్షన్ ఉందో ముందే అడగండి, 1.6లో సేవ్ చేసింది 1.4లో తెరుచుకోదు.