టేబుళ్లకూ చార్టులకూ మాక్రోలు: ఏళ్లతరబడి వాడాక నా అనుభవం

బెంగళూరులో పీణ్య దగ్గర ఒక పర్యావరణ కన్సల్టెన్సీలో రిపోర్టులు తయారుచేసే పని నాది. గనులకూ ఫ్యాక్టరీలకూ అనుమతి కావాలంటే పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక ఇవ్వాలి కదా, అవే రాస్తాం. నీళ్లు, గాలి, మట్టి, శబ్దం, జనాభా అన్నీ కలిపితే ఒక్కో రిపోర్టులో టేబుళ్లే కుప్పలుగా ఉంటాయి. చార్టులు వేరే. వీటన్నిటినీ ఒక తీరుకు తెచ్చే పని చాలా ఏళ్లుగా మాక్రోలతోనే, అంటే మళ్లీ మళ్లీ చేసే పనిని కంప్యూటరే చేసిపెట్టేలా రాసుకున్న చిన్న ప్రోగ్రాములతోనే చేస్తున్నాను. ముందే చెప్పేస్తాను: వర్డ్‌లో ఇన్ని టేబుళ్లను మాక్రో లేకుండా సర్దమంటే ఇప్పుడు నేను ఒప్పుకోను. చార్టులకు కూడా మాక్రో మంచిదే, కాకపోతే అక్కడ ఓపిక ఎక్కువ కావాలి.

మాక్రో అనగానే అందరూ టైమ్ కలిసొస్తుందని చెబుతారు. నిజమే, కలిసొస్తుంది. కానీ నాకు అంతకంటే పెద్ద లాభం ఇంకోటి కనిపించింది. చేత్తో టేబుళ్లు సర్దుతున్నంతసేపూ చూపంతా గీతల మీద, ఫాంటు మీద ఉంటుంది. లోపలున్న అంకె కళ్లముందే ఉన్నా బుర్రకెక్కదు. ఫ్లోరైడ్ 1.8 ఉండాల్సిన చోట 18 అని పడినా, బోర్డరు వంక చూస్తున్న మనిషికి అది తట్టదు. గీతల పని మాక్రోకి అప్పజెప్పాక నేను అంకెలు చదవడం మొదలుపెట్టాను. రిపోర్టులో ఊరి జనం ఆధారపడేది ఆ అంకెల మీదే.

ఒక టేబుల్‌ను దగ్గరగా చూద్దాం. చుట్టుపక్కల ఊళ్ల బోరు నీళ్ల ఫలితాలు. ఎడమ కాలమ్‌లో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం), హార్డ్‌నెస్ (నీటి కఠినత్వం), ఫ్లోరైడ్, నైట్రేట్. పక్కన ఐఎస్ 10500:2012 అనే భారత తాగునీటి ప్రమాణం చెప్పిన హద్దులు. ఆ తర్వాత ఊరికో కాలమ్. ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వసతి లేని చోట 1.5 దాకా అనుమతి ఉంది. టీడీఎస్‌కు ఆ రెండు అంకెలు 500, 2000. నైట్రేట్‌కు 45, దానికి సడలింపు లేదు.

ఈ టేబుల్ మీద మా మాక్రో ముందు మా సంస్థ టేబుల్ స్టైల్ (గీతలు, రంగులు కలిపి దాచుకున్న సెట్టింగు) వేస్తుంది. పై వరసను హెడ్డింగ్‌గా గుర్తుపెడుతుంది కాబట్టి టేబుల్ రెండో పేజీకి పాకితే ఊళ్ల పేర్లు అక్కడ కూడా వస్తాయి. ఏ వరసా సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో తెగిపోకుండా చూస్తుంది. మాటలను ఎడమకు, అంకెలను కుడికి జరుపుతుంది. తర్వాత ఒక్కో సెల్ చదివి, విలువ మొదటి హద్దు దాటితే లేత బూడిద రంగు వేస్తుంది, రెండోదీ దాటితే బోల్డ్ కూడా చేస్తుంది. పీహెచ్‌కు మాత్రం నియమం వేరు, అది 6.5కూ 8.5కూ మధ్య ఉండాలి, కిందికి పోయినా రంగు పడాలి.

చెప్పడానికి తేలికే, రాసేటప్పుడు రెండు చిక్కులు వస్తాయి. వర్డ్‌లో ప్రతి సెల్ చివరా ఒక గుర్తు ఉంటుంది. వీబీఏలో (ఆఫీస్ మాక్రోలు రాసే భాష) సెల్‌లోని టెక్స్టును తీసుకుంటే 13, 7 కోడ్లున్న రెండు అక్షరాలు దాని వెంటే వస్తాయి. వాటిని కత్తిరించకపోతే 1.8ని అంకెగా గుర్తించడమే కుదరదు, ఇక 1.5తో పోల్చడం ఎక్కడిది? రెండో చిక్కు ల్యాబ్ వైపు నుంచి. పరికరానికి అందనంత తక్కువ ఉంటే వాళ్లు బీడీఎల్ అని రాస్తారు, ఒక్కోసారి <0.05 అని ఇస్తారు. ఇలాంటివాటిని మాక్రో తాకకుండా వదిలేయాలి. అంకె అవునో కాదో ముందు పరీక్షించి, అయితేనే పోల్చాలి. ఈ ఒక్క షరతు పెట్టుకోని మాక్రోను రిపోర్టు మీద వదలకండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రికార్డర్ బటన్ నొక్కి, తాము చేసిందంతా అదే రాసుకుంటుందని నమ్ముతారు. ఎక్సెల్‌లో చాలావరకు పర్వాలేదు. వర్డ్‌లో రికార్డింగ్ నడుస్తున్నప్పుడు మౌస్‌తో టెక్స్టును సెలెక్ట్ చేయడమే కుదరదు, కీబోర్డుతో చేయాలి. పైగా అది రాసే కోడ్ అంతా కర్సర్ ఎక్కడుందన్న దాని మీద నడుస్తుంది. నా సలహా ఏమిటంటే, రికార్డర్‌ను కమాండ్ల పేర్లు తెలుసుకోవడానికి వాడండి. ఆ పేర్లు చూసి, డాక్యుమెంటులోని టేబుళ్లన్నిటి మీదా తిరిగే లూప్ (ఒకే పనిని వరసగా చేసుకుపోయే కోడ్) మీరే రాసుకోండి. రంగులూ గీతలూ కోడ్‌లో రాయకుండా టెంప్లేట్‌లో ఒక టేబుల్ స్టైల్‌గా పెట్టి, మాక్రో ఆ స్టైల్ పేరు మాత్రమే పిలిచేలా చేయండి. రేపు క్లయింటు నీలం హెడ్డింగ్ వద్దు, ఆకుపచ్చ కావాలంటే స్టైల్ మారిస్తే చాలు, కోడ్ తెరవక్కర్లేదు.

స్టైల్ వేసినా, అంతకుముందు ఎవరో చేత్తో పెట్టిన ఫాంటూ సైజూ అలాగే మిగిలిపోతాయి. వాటిని తుడిచేయడానికి ఫాంట్ రీసెట్ అనే కమాండ్ ఉంది. మా పనిలో అది ప్రమాదం. హార్డ్‌నెస్ పక్కన CaCO₃ (కాల్షియం కార్బొనేట్) అని ఉంటుంది, కింద చిన్నగా ఉండే ఆ 3ను సబ్‌స్క్రిప్ట్‌గా పెట్టి ఉంటే రీసెట్ దాన్ని మామూలు 3 చేసేస్తుంది. అందుకని ఫాంటు పేరు, సైజు మాత్రమే మార్చి మిగతావి ముట్టుకోకుండా ఉండటం మేలు.

మెర్జ్ చేసిన సెల్స్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నిలువుగా సెల్స్ కలిపేసిన టేబుల్‌లో వరస వరసగా వెళ్లమంటే వర్డ్ 5991 అనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఒకే కాలమ్‌లోని సెల్స్ వెడల్పులు ఒకలా లేకుండా కాలమ్ కాలమ్‌గా వెళ్లమంటే 5992. మా దగ్గర అనంతపురం కుర్రాడు ఒకడున్నాడు, టేబుళ్లు సేకరించేది అతనే. "అన్నా, నాలుగో చాప్టర్ దగ్గర మళ్లీ నిలబడిపోయింది" అంటూ వస్తే నేను అడిగే మొదటి మాట, "హెడ్డింగ్ ఎవరన్నా మెర్జ్ చేశారేమో చూడబ్బా" అని. దీనికి మందు ఉంది. వరసల మీద కాకుండా టేబుల్ రేంజ్‌లోని సెల్స్ మీద లూప్ తిప్పితే మెర్జ్ అడ్డు రాదు, ఏ సెల్ ఎన్నో వరసలో ఉందో ఆ సెల్లే చెబుతుంది. కాకపోతే పెద్ద టేబుల్ అయితే బాగా నెమ్మది. ప్రతి మార్పునూ తెర మీద చూపించే స్క్రీన్ అప్‌డేటింగ్ ఆపేసి నడిపితే కొంత నయం. మొత్తం మీద మెర్జ్ చేయని టేబుల్ పంపమని అందరినీ ఒప్పించడమే మంచి దారి, నేను ల్యాబ్‌కు ఖాళీ టేబుల్ ముందే పంపుతాను.

ఇక మన భాషల సంగతి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశాన్ని ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలోనూ ఇవ్వాలి. కర్ణాటక ప్రాజెక్టుకు కన్నడం, సరిహద్దు దాటి అనంతపురం, చిత్తూరు వైపు వెళ్తే తెలుగు. ఇంగ్లీషు టేబుళ్లకు చక్కగా పనిచేసిన మాక్రో తెలుగు టేబుల్ మీద ఫాంటు మార్చినట్టే ఉంటుంది, మారదు. కారణం, వర్డ్ మన లిపులను కాంప్లెక్స్ స్క్రిప్ట్ కింద లెక్కేస్తుంది, వాటికి ఫాంటు సెట్టింగు వేరు. నేమ్ (Name) అనే దానికి బదులు నేమ్‌బై (NameBi), సైజ్‌కు సైజ్‌బై (SizeBi), బోల్డ్‌కు బోల్డ్‌బై (BoldBi) అని రాయాలి. రెండూ రాసేస్తే ఏ భాష టేబుల్ వచ్చినా సరిపోతుంది. తెలుగులో మాక్రోలు రాయాలనుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క ముందు తెలుసుకుంటే బోలెడు టెన్షన్ తప్పుతుంది.

ఇంకోటి, వీబీఏ ఎడిటర్‌లో తెలుగు టైప్ చేస్తే మామూలుగా ప్రశ్నార్థకాలు పడతాయి. మాక్రో "మొత్తం" అన్న మాట వెతకాలంటే ఆ మాటను కోడ్‌లో రాయలేం. నేను ఇలాంటి మాటలన్నీ టెంప్లేట్‌లో ఒక చిన్న టేబుల్‌గా పెట్టి, మాక్రో అక్కడి నుంచి చదువుకునేలా చేశాను. యూనికోడ్‌లో తెలుగు 3072 నుంచి 3199 వరకు, దాన్ని ఆనుకునే కన్నడం 3200 నుంచి 3327 వరకు ఉంటాయి. అక్షరం నంబరు చూసి అది ఏ లిపో మాక్రోయే తేల్చుకుని, తెలుగుకు గౌతమి, కన్నడానికి తుంగ వేస్తుంది. అంత బాధ ఎందుకనుకుంటే రెండు లిపులూ ఉన్న నిర్మల యూఐ ఒక్కటే పెట్టుకోవచ్చు.

చార్టుల దగ్గరికి వద్దాం. చార్టును వర్డ్‌లో కంటే ఎక్సెల్‌లోనే పూర్తిగా తయారుచేసి, తర్వాత తెచ్చి అతికించడం నా పద్ధతి. షీటులోని చార్టులన్నిటికీ ఒకే వెడల్పు, ఒకే ఎత్తు, ఒకే ఫాంటు, ఒకే రంగుల వరస పెట్టడం మాక్రోకు చిటికెలో పని. అసలు విలువ నిలువు అక్షం దగ్గరుంది. గాలిలో పీఎం10 ధూళిని (10 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులు) వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు కొలుస్తారు, ఒక్కో ఊరికి ఒక్కో చార్టు. ఎక్సెల్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే ఒక ఊరికి అక్షం 70 దగ్గర, ఇంకో ఊరికి 120 దగ్గర ఆపుతుంది. పక్కపక్కన పెడితే రెండు ఊళ్ల గాలీ ఒకేలా ఉన్నట్టు కనపడుతుంది. చదివేవాళ్లను ఇది తప్పుదారి పట్టిస్తుంది. మా మాక్రో అన్ని ఊళ్ల డేటాలో గరిష్ఠ విలువ వెతికి, అన్ని చార్టులకూ అదే అక్షం పెడుతుంది, సున్నా నుంచే మొదలుపెడుతుంది. 2009 జాతీయ గాలి నాణ్యత ప్రమాణం 24 గంటల సగటుకు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు అంటుంది కదా, ఆ 100ను మరో సిరీస్‌గా చేర్చి అడ్డంగా గీత గీయిస్తుంది. ఆ గీత మందంగా, తెగతెగ ఉండాలి. ఎందుకంటే ఈ కాపీలు జిల్లా కార్యాలయం నుంచి పంచాయతీ దాకా పోతాయి, ఎవరికైనా కావాలంటే నలుపు తెలుపు జిరాక్సే దొరుకుతుంది. ఎర్ర గీత, నీలం కడ్డీలు జిరాక్సులో ఒకటే రంగు. అందుకే ఒకటి ముదురు, ఒకటి లేత ఉండేలా రంగులు ఎంచుకున్నాను.

అతికించే దగ్గరే తలనొప్పి. చార్టును వర్క్‌బుక్‌తో సహా పొదిగితే ఆ వర్క్‌బుక్ మొత్తం రిపోర్టులోకి వచ్చేస్తుంది. ఫైలు బరువెక్కుతుంది, మన ముడి డేటా అంతా అవతలివాళ్ల చేతికి పోతుంది. లింకు పెడితే ఫైలు చోటు మారగానే తెగుతుంది. చివరికిచ్చే కాపీలో బొమ్మగా అతికించడమే క్షేమం. మాక్రో వరసగా చార్టులు కాపీ చేసి అతికిస్తూ పోతే మధ్యలో క్లిప్‌బోర్డు అందుకోలేక ఆగడమూ ఉంది. ఒక్కో చార్టుకూ మధ్య కాస్త విరామం ఇచ్చి, అతుక్కోకపోతే మళ్లీ ప్రయత్నించేలా రాసుకోవాలి. చార్టుల్లో రికార్డర్ మీద కూడా పూర్తిగా ఆధారపడొద్దు. ఎక్సెల్ 2007లో అయితే చార్టు ఫార్మాటింగ్ అసలు రికార్డే అయ్యేది కాదు, 2010లో సరైంది.

నడిపే ముందు కాపీ తీసుకోవడం మరవద్దు. ఎక్సెల్‌లో మాక్రో షీటును మార్చాక కంట్రోల్ జడ్ పనిచేయదు, అంతకుముందు చేసినవి కూడా వెనక్కి రావు. వర్డ్ ఈ విషయంలో మెరుగు. 2010 నుంచి అన్‌డూ రికార్డ్ అనేది ఉంది, మాక్రో చేసిన వంద మార్పులనూ ఒకే అన్‌డూ కింద కట్టేస్తుంది. ప్రతి మార్పునూ గుర్తుపెట్టి చూపే ట్రాక్ ఛేంజెస్ ఆన్‌లో ఉంటే మాక్రో దాన్ని ముందు ఆపి, పని అయ్యాక తిరిగి పెట్టాలి. లేదంటే మార్జిన్ నిండా ఫార్మాటింగ్ గుర్తులే, సీనియర్లు రాసిన అసలు దిద్దుబాట్లు వాటి కింద కనపడకుండా పోతాయి.

భద్రత గురించి జనంలో భయం ఉంది, ఉండాలి కూడా. 1999లో మెలిస్సా వైరస్ వ్యాపించింది వర్డ్ మాక్రో ద్వారానే. 2022 నుంచి ఇంటర్నెట్ ద్వారా వచ్చిన ఫైళ్లలో మాక్రోలను ఆఫీస్ దానంతటదే అడ్డుకుంటోంది. అది మంచి నిర్ణయం. మన పనికి దానివల్ల నష్టమేమీ లేదు, ఎందుకంటే ఫార్మాటింగ్ మాక్రో రిపోర్టుతో పాటు ప్రయాణం చేయాల్సిన అవసరమే లేదు. అది మన కంప్యూటర్‌లో టెంప్లేట్‌లోనో, ఎక్సెల్ అయితే పర్సనల్ మాక్రో వర్క్‌బుక్‌లోనో ఉంటుంది. క్లయింటుకు పోయేది మాక్రో లేని మామూలు డాక్యుమెంటే.

ఐదారు టేబుళ్లున్న రిపోర్టులు రాసేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, ఒక మంచి టేబుల్ స్టైల్ చాలు. బ్రౌజర్‌లో వర్డ్, ఎక్సెల్ వాడేవాళ్లకు వీబీఏ నడవదు. లిబ్రెఆఫీస్‌లో వీబీఏ కొంతవరకే పనిచేస్తుంది, చాలాచోట్ల తిరిగి రాసుకోవాల్సిందే. విండోస్‌లో ఆఫీస్ ఇన్‌స్టాల్ చేసుకుని, నెలనెలా ఒకే రకం రిపోర్టులు తీసేవాళ్లు మాత్రం తప్పకుండా నేర్చుకోవాలి. వీబీఏ ఎక్సెల్‌లోకి వచ్చింది 1993లో, వర్డ్‌లోకి వర్డ్ 97తో. ఇంత పాతదైనా, ఏళ్ల కింద రాసిన కోడ్ మా ఆఫీసు కొత్త మెషీన్లలో ఇప్పటికీ నడుస్తోంది. ఒకసారి పెట్టిన కష్టం ఇన్నాళ్లు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ నాకు ఇంకోటి తగల్లేదు.

రెండు పనులు మాత్రం నేను ఇంకా చేత్తోనే చేస్తున్నాను. అడ్డం పేజీలో పట్టే వెడల్పాటి టేబుళ్లకు కాలమ్ కొలతలు మాక్రోకు వదలను, ఊళ్ల పేర్లు మధ్యలో విరిగిపోతాయి. చార్టుల్లో అంకెల లేబుళ్లు ఒకదాని మీద ఒకటి పడితే వాటిని కూడా నేనే ఒక్కొక్కటిగా పక్కకు జరుపుతాను.