గండికోటలో మా చెల్లెలి ప్రీ వెడ్డింగ్ షూట్: ఖర్చులు, తిప్పలు

మా చెల్లెలి పెళ్లి ఫిబ్రవరిలో. నిశ్చితార్థమైన వారానికే ప్రీ వెడ్డింగ్ షూట్ మాట మొదలైంది. "తాళి కట్టకముందే ఊళ్లు తిరిగేదేంది" అని నాన్న ఒక పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి నేను వెంట వెళ్లాలన్న షరతు మీద సరేనన్నాడు. అలా జనవరిలో ఒక తెల్లవారుజామున కర్నూలు నుంచి ఒకే కారులో ఐదుగురం బయలుదేరాం. చెల్లి, పెళ్లికొడుకు, ఫొటోగ్రాఫర్, అతని కుర్రాడు, నేను. డిక్కీ నిండా బట్టలే.

ఓర్వకల్లు రాతివనాలైతే ఇంటికి దగ్గర, గంటలోపు చేరిపోతాం. రాళ్లూ నీళ్లూ రెండూ ఉన్నాయి. కానీ మా ఊళ్లో ఎవరి పెళ్లి ఆల్బమ్ తిప్పినా ఆ రాళ్లే కనిపిస్తున్నాయని చెల్లి ఒప్పుకోలేదు.

దారిలో మధ్యాహ్నం బెలుం గుహల దగ్గర ఆగాం. బయట ఎండ మాడుతుంటే లోపల తీసుకోవచ్చని ఫొటోగ్రాఫర్ ఆలోచన. వినడానికి బాగానే ఉంది. గుహల పొడవు 3,229 మీటర్లు. అందులో సందర్శకులు తిరగగలిగేది ఒకటిన్నర కిలోమీటర్ల దాకా. లోపల ఒకటే ఉక్క. పది నిమిషాల్లో చెల్లి మేకప్ చెంపల మీదుగా కారింది. ఆ పసుపు దీపాల కింద ఇద్దరి మొహాలూ నలుగు పెట్టినట్టు వచ్చాయి. బెలుం తప్పకుండా చూడాల్సిన చోటే, కానీ కాటన్ చొక్కాలో వెళ్లి చూడండి, లెహంగాలో కాదు.

ఇక బస. డబ్బు మిగులుతుందని జమ్మలమడుగులో ఒక లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. కోటకు 15 కిలోమీటర్లే కదా అనుకున్నాం. పొద్దున ఐదింటికి దిగి చూస్తే లాడ్జి గేటుకు తాళం, తాళంచెవి ఉన్న మనిషి ఎక్కడో నిద్ర. అతణ్ని వెతికి లేపి లోయ అంచుకు చేరేసరికి ఏడుంపావు దాటింది. సూర్యుడు అప్పటికే పైకి వచ్చేశాడు. పెన్నా కోసుకుంటూ పోయిన గండి అది, ఊరికి ఆ పేరు దాని వల్లే. ఆ ఎర్ర రాయి నిప్పులా మెరిసేది పొద్దు వాలుగా ఉన్నప్పుడే, మేం చూసినంతలో నలభై నిమిషాలు. తర్వాత అంతా తెల్లగా వెలిసిపోతుంది, కళ్ల కింద నీడలు పడతాయి. ఆ పూట తీసిన వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.

దాంతో ఇంకో రాత్రి ఉండక తప్పలేదు. ఈసారి కోట దగ్గరే ఉన్న పర్యాటక శాఖ హరిత హోటల్లో దిగాం. గదులు మామూలే, గొప్పగా ఊహించుకోవద్దు. కానీ నిద్ర లేచిన పావుగంటకు లోయ దగ్గర ఉన్నాం. కోటలో బట్టలు మార్చుకునే చోటు లేదు కాబట్టి గది దగ్గర్లో ఉండటం ఆడపిల్లకు ఇంకా ముఖ్యం. మొదటి రోజు చెల్లి కారు అద్దాలకు తువ్వాళ్లు కట్టుకుని చీర మార్చుకుంది.

అద్దె గౌను సంగతి చెప్పాలి. గజాల కొద్దీ ఎర్ర గుడ్డ వెనక తోకలా ఉంటుంది. దాన్ని గాల్లోకి ఎగరేసే ఉద్యోగం నాది. ఫొటోగ్రాఫర్ "మూడు" అనగానే కొసను పైకి విసిరి, ఫ్రేములో పడకుండా రాయి చాటుకు దూకాలి. మొదటిసారి గుడ్డ కంపచెట్టుకు తగులుకుంది. రెండోసారి పెళ్లికొడుకు తల మీద ముసుగులా పడింది. "బావగారూ, కొంచెం మెల్లగా" అన్నాడు పాపం లోపల్నుంచే. ఐదోసారికి కుదిరింది. ఒక్క మాట: మేం నిలబడ్డ అంచున కంచె లేదు, గాలి గౌనును పట్టి లాగుతుంది. అంచుకు పది అడుగులు ఇవతలే నిలబెట్టండి. కోణం సరిచూసుకుంటే ఫొటోలో అంచునే ఉన్నట్టు వస్తుంది.

పట్టుచీర ఫొటోలు మాధవరాయస్వామి ఆలయంలో తీశాం. మండపం నీడలో వెలుగు మెత్తగా ఉంటుంది, పది దాకా కంగారు లేదు. నాకైతే లోయ కంటే ఇవే నచ్చాయి. జుమ్మా మసీదు పక్కన ధాన్యాగారం గోడ కూడా మంచి వెనకతెర. మసీదు లోపల మాత్రం పోజులు వద్దనుకున్నాం.

ఇక ట్రైపాడ్ తీయగానే కాపలా ఆయన వచ్చి మడిచేయమన్నాడు. ఆయన తప్పేం లేదు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, ట్రైపాడ్‌కైనా డ్రోన్‌కైనా ముందే అనుమతి తీసుకోవాలి. "పర్మిషన్లన్నీ నేను చూసుకుంటా అన్నా" అన్న మా ఫొటోగ్రాఫర్ అప్పుడు ఫోన్‌లో తల దూర్చాడు. డ్రోన్ పెట్టె విప్పకుండానే కర్నూలు చేరింది. ప్యాకేజీ 35,000లో డ్రోన్ కోసమని విడిగా రాసిన 6,000 వెనక్కి ఇమ్మంటే, పెళ్లి రోజు ఎగరేస్తాడట. మా పెళ్లి కల్యాణమండపం లోపల, రాత్రి ముహూర్తం.