కంపైలర్ మారితే డీబగ్గర్ నిలబడుతుందా? జీడీబీ టెస్ట్ సూట్ మీద నా సమీక్ష

బెంగళూరులో తెలుగువాళ్లకి కొదవ లేదు కానీ డీబగ్గర్ మీద పని చేసేవాళ్లు మాత్రం అరుదు. మారతహళ్లిలో ఎవరైనా ఏం పని అని అడిగినప్పుడు "డీబగ్గర్‌ని టెస్ట్ చేస్తాను" అంటే, "బగ్గులు వెతకడమేనా?" అంటారు. ఇది దానికంటే కొంచెం వంకర పని. బగ్గులు వెతికే పరికరంలోనే బగ్గులు వెతకాలి, అదీ మనం రాసిన కోడ్‌ని యంత్రం నడిపే ప్రోగ్రాముగా మార్చే కంపైలర్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదట్నుంచి. నేను పని చేసే టూల్‌చెయిన్ టీంలో (కంపైలర్, డీబగ్గర్ లాంటి పరికరాలు చూసుకునే టీం) దీనికి ఏళ్ల తరబడి వాడుతున్నది జీడీబీ అనే డీబగ్గర్ సోర్సుతో పాటే వచ్చే టెస్ట్ సూట్, అంటే టెస్టుల కట్ట. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చూడ్డానికి బాగోదు, అందులో కొత్త టెస్టు రాయడం అసలే బాగోదు, అయినా దాన్ని పక్కన పెట్టి ఈ పని చేయలేం.

ఒక్క కంపైలర్‌తో సరిపెట్టుకుంటే పోలా అని మేనేజర్లు అప్పుడప్పుడు అడుగుతుంటారు. కుదరదు. కస్టమర్ల దగ్గర రెడ్‌హ్యాట్ 7 అనే పాత లినక్స్ యంత్రాలు ఇంకా నడుస్తున్నాయి, వాటితో వచ్చింది జీసీసీ అనే కంపైలర్, 4.8.5 వెర్షన్. ఉబుంటు 20.04లో జీసీసీ 9, 22.04లో 11, 24.04లో 13. వీటికి తోడు కొందరు మొత్తంగా క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌కి మారిపోయారు. వీళ్లందరికీ మేమిచ్చే డీబగ్గర్ మాత్రం ఒక్కటే.

ఈ సూట్ నడిచే తీరు పాతకాలపు పద్ధతి. డెజాగ్నూ అనే చట్రం, దాని కింద ఎక్స్‌పెక్ట్, అన్నిటికీ అడుగున టీసీఎల్ భాష. ప్రతి టెస్టూ ఒక చిన్న సీ ప్రోగ్రామునో సీ++ ప్రోగ్రామునో కంపైల్ చేసి, జీడీబీని లేపి, మనిషి టైప్ చేసినట్టే బ్రేక్, రన్, ప్రింట్ కమాండ్లు పంపుతుంది. వచ్చిన జవాబుని ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే అక్షరాల నమూనాతో, పోల్చి చూస్తుంది. మామూలుగా పది సెకన్లలో జవాబు రాకపోతే టైమౌట్. వేరే కంపైలర్‌తో నడపాలంటే టెస్టులు నడిపే మేక్ చెక్ కమాండ్‌కి ఇచ్చే ఫ్లాగుల్లో సీ కంపైలర్ ఏదో, సీ++ కంపైలర్ ఏదో చెబితే చాలు. కొత్తగా చేరినవాళ్లు తికమకపడేది ఇక్కడే: జీడీబీని కట్టే కంపైలర్ వేరు, టెస్టు ప్రోగ్రాముల్ని కట్టే కంపైలర్ వేరు. ఇప్పటి జీడీబీ కట్టాలంటే సీ++17 తెలిసిన కంపైలర్ ఉండాలి, అది జీసీసీ 4.8 వల్ల కాదు. కానీ కొత్త కంపైలర్‌తో కట్టిన జీడీబీ, 4.8తో కట్టిన ప్రోగ్రాముని చక్కగా చదవాలి. మేం పరీక్షించేది ఈ రెండోదాన్నే.

ఒక టెస్టు ఫెయిలైందంటే తప్పు ముగ్గురిలో ఎవరిదైనా కావచ్చు. డీబగ్గర్ చెడి ఉండొచ్చు. డీబగ్గర్ కోసం ప్రోగ్రాంలో పెట్టే డీబగ్ సమాచారాన్ని కంపైలర్ తప్పుగా రాసి ఉండొచ్చు. లేదా టెస్టు రాసినాయన అప్పటి కంపైలర్ అలవాటునే ధర్మం అనుకుని రాసి ఉండొచ్చు. నాకు ఈ సూట్ మీద గౌరవం పెరిగింది ఈ తగాదాని అది విడదీసే తీరు చూశాకే. ఫలితాల్లో ఎక్స్‌ఫెయిల్ అని ఉంటే తప్పు మనది కాదు, కంపైలర్‌దో ఆపరేటింగ్ సిస్టందో అని అర్థం. కేఫెయిల్ అని ఉంటే తప్పు జీడీబీదే, పక్కన బగ్ నంబరు కూడా ఉంటుంది. ఉత్త ఫెయిల్ అని ఉంటే ఇంకా తీర్పు రాలేదన్నమాట. చాలా సూట్లలో ఈ తేడా ఉండదు. తెలిసిన ఫెయిల్స్ అన్నిటినీ ఒకే గంపలో పడేస్తారు, ఆర్నెల్లు పోయాక ఏది ఎందుకు పడిందో ఎవరికీ గుర్తుండదు. ఇందులో ఒక టెస్టు, కంపైలర్ ఫలానా జీసీసీ వెర్షన్ అయితేనే ఎక్స్‌ఫెయిల్ అని స్క్రిప్టులోనే అడిగి రాయొచ్చు. కంపైలర్ బాగుపడ్డాక అది ఎక్స్‌పాస్‌గా మారుతుంది, అప్పుడు వెళ్లి ఆ గుర్తు తీసేయాలి. ఎక్స్‌పాస్‌ల వైపు ఎవరూ చూడరనేది వేరే సంగతి.

కంపైలర్ మార్పుల్లో మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది 2021లో వచ్చిన జీసీసీ 11. డీబగ్ సమాచారం రాసే ఫార్మాట్ పేరు డ్వార్ఫ్. డ్వార్ఫ్ 5 ప్రమాణం 2017లోనే వచ్చింది గానీ, వేరే ఏ ఫ్లాగూ ఇవ్వకుండా డీబగ్ సమాచారం అడిగే మైనస్ జీ ఒక్కటే కొడితే డ్వార్ఫ్ 5 రావడం జీసీసీ 11తోనే మొదలైంది. క్లాంగ్ 14 మరుసటి ఏడాది అదే దారి పట్టింది. బయటికి చిన్న మార్పే. లోపల కోడ్ ఎక్కడుందో, వేరియబుల్ ఎక్కడుందో చెప్పే రేంజి లిస్టులు, లొకేషన్ లిస్టులు కొత్త సెక్షన్లలోకి పోయాయి, ఏ అడ్రసు ఏ సోర్సు లైనుదో చెప్పే లైన్ టేబుల్ తల మారింది, ఫైళ్ల వరస 1 బదులు 0 నుంచి మొదలైంది. ఆ ఒక్క అంకె తేడా చాలు, పాత జీడీబీ తప్పు ఫైలు పేరు చూపించడానికి. ఇలాంటి చోట నా పద్ధతి ఒకటుంది. ఏ తీర్పూ ఇచ్చే ముందు అదే కంపైలర్‌తో, డ్వార్ఫ్ 4 ఫ్లాగు పెట్టి మళ్లీ నడుపుతాను. ఫెయిల్ పోతే గొడవ ఫార్మాట్‌లో ఉంది, పోకపోతే కోడ్ జనరేషన్‌లో ఉంది. అనుమానితుల్లో సగం మంది అక్కడే తేలిపోతారు. మిగతా సగానికి, ప్రోగ్రాం ఫైలు లోపల ఉన్నది విప్పి చూపించే రీడ్‌ఎల్ఫ్ తీసి, కంపైలర్ నిజంగా ఏం రాసిందో కళ్లతో చూడాలి. డ్వార్ఫ్‌లో ఉన్నది సరిగ్గా ఉండి, జీడీబీ తప్పు చెబితే జీడీబీకి బగ్ రాస్తాం. డ్వార్ఫే తప్పైతే జీసీసీకి. ఈ సాక్ష్యం లేకుండా బగ్ రాస్తే రెండు జట్లూ మనల్ని ఒకరి గుమ్మం నుంచి ఇంకొకరి గుమ్మానికి తిప్పుతాయి.

జీసీసీ 14, 15 తెచ్చిన తలనొప్పి వేరే రకం. డిక్లరేషన్ లేని ఫంక్షన్ని పిలవడం 14లో వార్నింగ్ స్థాయి దాటి ఎర్రర్ అయింది. 15లో సీ భాషకి డీఫాల్ట్ సీ23 అనే కొత్త ప్రమాణం అయింది. ఖాళీ బ్రాకెట్లతో డిక్లేర్ చేసిన ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లు ఇస్తే ఇప్పుడు తప్పు. ఈ సూట్‌లో ఆ పాత శైలి ప్రోగ్రాములు బోలెడు. అవి కంపైల్ కావు. కంపైల్ కాని టెస్టుని డెజాగ్నూ ఫెయిల్ అనదు, అన్‌టెస్టెడ్ అని ఒక్క లైను రాసి ముందుకు పోతుంది. అందులో ఉండాల్సిన ప్రశ్నలన్నీ లెక్కలోంచి మాయం. మా టీంలో అనంతపురం కుర్రాడు ఒకడున్నాడు, ఉత్సాహవంతుడు. జీసీసీ 15 మొదటిసారి నడిపిన రోజు మెస్‌లో పప్పన్నం కలుపుకుంటుంటే వచ్చి, "అన్నా, ఫెయిల్స్ తగ్గినాయి, కొత్త కంపైలర్ బాగుంది" అన్నాడు. "పాస్‌లు చూసినావా?" అన్నాను. అవీ తగ్గాయి. అన్‌టెస్టెడ్ మాత్రం పెరిగింది. అప్పటి నుంచి మా రిపోర్టులో ఫెయిల్ అంకె కంటే పైన అన్‌టెస్టెడ్, అన్‌సపోర్టెడ్ (ఆ యంత్రం మీద నడపడం కుదరనివి) అంకెలు వేస్తున్నాం. ఈ డిజైన్ నాకు నచ్చదు, ఇన్నేళ్లయినా నచ్చలేదు.

అదే సీ23 ఇంకో చిలిపి పని కూడా చేసింది. కంపైల్ అయిన ప్రోగ్రాముల్లో కూడా, ఖాళీ బ్రాకెట్ల ఫంక్షన్‌కి కంపైలర్ ఇప్పుడు ప్రోటోటైప్ (ఆర్గ్యుమెంట్ల ప్రకటన) ఉందని డ్వార్ఫ్‌లో గుర్తు పెడుతుంది. జీడీబీలో టైపు చూపించే పీటైప్ కమాండ్ కొడితే ఇదివరకు ఉత్త బ్రాకెట్లు వచ్చేచోట ఇప్పుడు లోపల వాయిడ్ అని వస్తుంది. డీబగ్గర్ సరిగ్గానే చెప్పింది, కంపైలర్ సరిగ్గానే రాసింది, టెస్టు మాత్రం పడింది. ఇలాంటివాటికి టెస్టు ప్రోగ్రాంలోనే వాయిడ్ అని రాసి సరిచేయాలి. ఊరికే పాత సీ ప్రమాణం ఫ్లాగు పెట్టి నోరు మూయిస్తే, రేపు కస్టమర్ ఆ ఫ్లాగు లేకుండా వాడతాడు.

ఆప్టిమైజ్ చేసిన కోడ్ గురించి చెప్పాలంటే ఇంకో సమీక్ష రాయాలి. వేగం కోసం కోడ్‌ని తిరగరాసే ఓ2 ఫ్లాగుతో కట్టి స్టెప్ కొడితే లైను ముందుకీ వెనక్కీ గెంతడం అందరూ చూసిందే. జీసీసీ 8 నుంచి లైన్ టేబుల్లో ఏ అడ్రసు నిజంగా ఒక వాక్యానికి మొదలో చెప్పే గుర్తులు బాగా పెరిగాయి, జీడీబీ ఆ గుర్తుల్ని పట్టించుకోవడం 2020లో వచ్చిన 10వ వెర్షన్‌తో మొదలైంది. కాబట్టి ఆ సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న కంపైలర్-జీడీబీ జంటల్లో బ్రేక్‌పాయింట్ ఆగే చోట్లు వేరు. ఇందులో ఏది రిగ్రెషన్ (బాగున్నది చెడటం), ఏది మెరుగుదల అనేది ఒక్కో టెస్టు కూర్చుని చూస్తే తప్ప తేలదు. ఆప్టిమైజ్ చేసిన కోడ్‌లో డీబగ్గింగ్ ఎంత బాగుందో కొలవడమే మీ పని అయితే ఈ సూట్ సరిపోదు, క్లాంగ్ తయారుచేసే ఎల్‌ఎల్‌వీఎం వాళ్ల డెక్స్‌టర్ చూడండి.

క్లాంగ్‌తో నడిపినప్పుడు ఇంకో ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది: జీడీబీ లోపలే కంపైలర్ పేరు చూసి ప్రవర్తన మార్చుకునే కోడ్ ఉంది. డ్వార్ఫ్‌లో ప్రొడ్యూసర్ అని ఒక వాక్యం ఉంటుంది, ఫలానా కంపైలర్ ఫలానా వెర్షన్ అని. ఎక్స్86 64 బిట్‌లో ఫంక్షన్ మొదలు దాటడానికి, ప్రొడ్యూసర్ క్లాంగ్ అని తేలితే జీడీబీ నేరుగా లైన్ టేబుల్‌ని నమ్ముతుంది. ఎవరైనా కంపెనీ క్లాంగ్ నుంచి సొంత కంపైలర్ చీల్చుకుని ఆ వాక్యంలో పేరు మార్చిందంటే, ఆ దారి మూసుకుపోతుంది. ఇలాంటిది ఒకటి మాకు తగిలింది. బ్రేక్‌పాయింట్ వాళ్లనుకున్న చోటికి ఒక మెట్టు ముందే ఆగేది, ఆర్గ్యుమెంట్ల విలువలు చెత్తగా కనిపించేవి. క్లాంగ్ ఇంకో అలవాటు, ప్రోగ్రాంలో వాడని టైపుల సమాచారం రాయకపోవడం. దానివల్ల "అలాంటి స్ట్రక్చర్ లేదు" అని పడే టెస్టులు ఉంటాయి. అవి డీబగ్గర్ ఖాతాలో వేయొద్దు.

కంపైలర్ దయ మీద ఆధారపడకుండా ఉండటానికి ఈ సూట్‌లో ఒక అందమైన ఏర్పాటు ఉంది. డ్వార్ఫ్ అసెంబ్లర్ అంటారు. టెస్టులోనే కావలసిన డీబగ్ సమాచారాన్ని చేత్తో రాసి ప్రోగ్రాంకి అతికించొచ్చు. ఎప్పుడో ఒక కంపైలర్ రాసిన విచిత్రమైన డ్వార్ఫ్ వల్ల జీడీబీ కూలిపోయిందనుకోండి, ఆ కంపైలర్ దొరక్కపోయినా ఆ విచిత్రాన్ని శాశ్వతంగా టెస్టులో నిలబెట్టుకోవచ్చు. నేను ఈ సూట్‌కి ఇచ్చే మార్కుల్లో పెద్ద వాటా దీనికే. రెండో వాటా, టెస్టుల్ని ఏ అమరికలో నడపాలో చెప్పే బోర్డు ఫైళ్లకి. అవే టెస్టులని జీడీబీసర్వర్ (దూరపు యంత్రం మీది ప్రోగ్రాముని డీబగ్ చేయడానికి వాడేది) ద్వారా, 32 బిట్‌లో, డీబగ్ సమాచారం వేరే ఫైలుకి విడగొట్టి, ఇండెక్స్ పెట్టి, ఒక్క ఆప్షన్ మార్చి నడపొచ్చు.

ఇక ఫిర్యాదులు. టీసీఎల్‌లో చదరపు బ్రాకెట్టు ఒక కమాండ్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో అదే బ్రాకెట్టు ఇంకొకటి, జీడీబీ అవుట్‌పుట్‌లో అది ఉత్త అక్షరం. మూడింటి మధ్య బ్యాక్‌స్లాష్‌లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. లాగ్ ఫైలు తెరిస్తే ఎడిటర్ గుటకలు మింగుతుంది. డాకర్ కంటెయినర్‌లో నడిపితే అడ్రస్ స్పేస్ రాండమైజేషన్ ఆపలేకపోతున్నానని వార్నింగ్ వచ్చి ఆ వార్నింగ్ వల్లే టెస్టులు పడతాయి, కంటెయినర్‌కి పీట్రేస్ అనుమతి (ఇంకో ప్రోగ్రాముని పట్టి ఆపడానికి), సెకాంప్ (సిస్టం కాల్స్‌ని అడ్డుకునే జల్లెడ) సడలింపు ఇవ్వాల్సిందే. అన్నిటికంటే విసుగు, థ్రెడ్ల టెస్టులు. ఉమ్మడి సర్వర్ మీద పక్క టీం వాళ్లు బిల్డ్ పెట్టారంటే మా టైమౌట్లు పెరుగుతాయి, పొద్దున్నే రిపోర్టు చూసి టెన్షన్ పడేది మేం. సూట్‌లోనే దీనికి కొంత మందు ఉంది. ఒకే టెస్టుని పలుమార్లు నడిపి ఏవి నిలకడ లేనివో జాబితా ఇచ్చే రేసీ మోడ్ ఒకటి. రీడ్1 అని ఇంకొకటి, జీడీబీ అవుట్‌పుట్‌ని ఒక్కొక్క అక్షరంగా చదివిస్తుంది, ప్యాటర్న్ సరిగ్గా రాయని టెస్టులు దెబ్బకి బయటపడతాయి. కొత్త టెస్టు చేర్చేముందు రీడ్1 కింద నడపనిదే మా దగ్గర రివ్యూ దాటదు.

ఎల్‌ఎల్‌వీఎం వైపు డీబగ్గరైన ఎల్‌ఎల్‌డీబీ వాళ్ల టెస్టులు పైథాన్‌లో ఉంటాయి, కంపైలర్ పేరూ వెర్షన్ హద్దూ డెకరేటర్‌లో ఒక్క లైనులో రాసేస్తారు. చూస్తే కుళ్లుగానే ఉంటుంది. కానీ పాత జీసీసీల మీద, అరుదైన బోర్డుల మీద జీడీబీ సూట్‌కి ఉన్న అనుభవం అక్కడ లేదు.

ఈ పనికి కొత్తగా దిగేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఫలితాలు పోల్చే పద్ధతి. జీసీసీ 9తో వచ్చిన ఫెయిల్ అంకెనీ 13తో వచ్చిన అంకెనీ పక్కపక్కన పెట్టకండి, వాటికి సంబంధం లేదు. కంపైలర్ కదపకుండా పాత జీడీబీ, కొత్త జీడీబీ సమ్ ఫైళ్లని (ఫలితాల జాబితాలని) డిఫ్ చేయండి. తర్వాత జీడీబీ కదపకుండా కంపైలర్ మార్చండి. రెండూ ఒకేసారి మారిన రిపోర్టు వస్తే చదవకుండా వెనక్కి పంపేయొచ్చు. డిఫ్‌లో తేలింది డీబగ్గర్ వైపైతే ఏ మార్పుతో చెడిందో సగం సగం చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్‌కి ఆ ఒక్క టెస్టు ఇస్తే టీ తాగి వచ్చేసరికి కమిట్ దొరుకుతుంది. కంపైలర్ వైపైతే ప్రతి మెట్టుకీ జీసీసీ మళ్లీ కట్టాలి, శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి ఇంటికి పోవడం మంచిది.

అన్ని వెర్షన్లూ రోజూ నడపాల్సిన అవసరం కూడా లేదు. మేం రోజూ నడిపేవి రెండే, కస్టమర్ల దగ్గరున్న అతి పాతదీ, ఇటీవల విడుదలైందీ. మధ్యలోవి వారాంతానికి. జీసీసీ పెద్ద విడుదల ఏటా వేసవిలో వస్తుంది కాబట్టి, దాని ముందస్తు స్నాప్‌షాట్‌ని జనవరి నుంచే వారానికోసారి కలుపుతాం. డీఫాల్ట్ మార్పులు ఏవైనా ఉంటే అప్పుడే అన్‌టెస్టెడ్ అంకెలో కనిపిస్తాయి, ఆ టెస్టులు దిద్ది ఉగాదిలోపు జీడీబీ ప్రాజెక్టుకి పంపేయొచ్చు.